నాన్న కారు, నాయనమ్మ కంటి ఆపరేషన్

మా చిన్నప్పుడు దమ్మపేటలో మా కారు తనంతట తాను నడిచిన దూరం కంటే, ట్రాక్టరుకు తాడు కట్టి ఈడ్పించుకున్న దూరమే ఎక్కువ...

తొంభైల మొదట్లో నాన్న హైదరాబాద్ వెళ్లి పాత విదేశీ కారొకటి కొనుక్కొచ్చాడు. గాలినీ పెట్రోలునూ కలిపే కార్బ్యురేటర్ ఉన్న బండే... కానీ ఎంత పెట్రోలు పోవాలో డాష్‌బోర్డు కింద ఉన్న కంప్యూటర్ పెట్టె చెబుతుందట! మొదటి నెల బాగానే తిరిగింది. ఆ తర్వాత ఎక్కడ ఆపినా ఇంజను చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోయేది.

అప్పుడే నాయనమ్మకు రెండు కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్‌కు ఖమ్మం డాక్టరు తేదీ ఇచ్చాడు. బయల్దేరితే సత్తుపల్లిలోనే కారు ఆగింది. అక్కడొక మెకానిక్ స్క్రూ ఏదో తిప్పాడు... నల్లటి పొగ, కారంతా పెట్రోలు కంపు, నాయనమ్మకు వాంతులు. వెనక్కి వచ్చేశాం.

రెండో మెకానిక్ కంప్యూటరే పోయిందని తేల్చాడు. ఆ పెట్టె కోసం నాన్న హైదరాబాద్ చుట్టూ తిరిగాడు... నెలన్నర! అది బిగించాక కూడా అదే వణుకు.

బస్సులో తీసుకెళ్దామని అమ్మ అంటే, "ఇంట్లో కారుండగా మా అమ్మను బస్సెక్కిస్తానా" అని నాన్న ఎగిరిపడేవాడు. ఖమ్మం బస్సేమో రోజూ మా గుమ్మం ముందునుంచే పోయేది... నాయనమ్మ గోడలు తడుముకుంటూ తిరిగేది.

చివరికి కువైట్‌లో మెకానిక్‌గా పనిచేసి వచ్చిన ఖాజా భాయ్ షెడ్డుకు ఈడ్చుకెళ్లాం. ఆయన కంప్యూటర్ జోలికే పోలేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పి, ఇంజను వణుకుతుండగానే గాలి పీల్చే కార్బ్యురేటర్ నోటిని అరచేత్తో సగం మూశాడు. వణుకు ఆగిపోయింది. చెయ్యి తీస్తే మళ్లీ మొదలు.

"పెట్రోల్ పోతనే ఉందన్నా. గాలే ఎక్కువైతుంది. ఏడనో దొంగగాలి గుంజుతుంది," అన్నాడు.

వెతికితే ఇంజను వెనక వేలెడంత రబ్బరు గొట్టం... చీలిపోయి ఉంది. అంతే! దాన్ని మార్చడానికి ఐదు నిమిషాలు. అంతకుముందు వాళ్లు తిప్పిపెట్టిన స్క్రూలు సరిచేయడానికి పూటంతా పట్టింది.

"రోగం చిన్నదే అన్నా. వైద్యమే ఎక్కువైంది," అన్నాడు ఖాజా భాయ్.

మర్నాడే ఖమ్మం చేరాం. ఇన్నాళ్లు ఏం చేశారని డాక్టరు కోప్పడ్డాడు. కట్టు విప్పాక కుడికంటికి చూపొచ్చింది. శుక్లం మరీ ముదిరి లోపల ఒత్తిడి పెరిగిందట, ఎడమకన్ను చెయ్యిదాటిపోయిందన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారు ఒక్కసారి కూడా ఆగలేదు. నాన్న కళ్లు తుడుచుకుంటూ నడిపాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

వెనక సీట్లోంచి నాయనమ్మ మెల్లగా అంది... "ఏడ్వకురా. నిన్ను జూసెతందుకు ఒక్క కన్ను చాలదా."

ఇప్పుడు కారులో లైటు వెలిగితే ఏదో మిషను తగిలిస్తారు, నిమిషంలో తప్పెక్కడో స్క్రీన్ మీద పడుతుంది. మంచిదే... కానీ మా నాయనమ్మ ఎదురుచూసిన ఆ రెండు నెలలు గుర్తొస్తే, నాన్న మీద నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. ఆ వెంటనే జాలేస్తుంది.

మీ ఇంట్లో ఎవరి పంతానికి ఎవరు ఆగాల్సి వచ్చింది? చెప్పాలనిపిస్తే కింద రాయండి... చదువుతాను.