అద్దంకి దారిలో వెతకకుండా దొరికింది

ఎనభైల మధ్యలో అద్దంకిలోని ఒక ప్రైవేటు హైస్కూలు వాళ్లు ఇంగ్లీషు టీచరు కావాలన్నారు. ముందుగా పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలి. అనుకోకుండా ఏదైనా దొరికినప్పుడు ఇంగ్లీషులో వాడే జంట మాటలు నాకిచ్చిన పాఠం: కమ్ అక్రాస్, స్టంబుల్ అపాన్, రన్ ఇంటు. అప్పటికే రెండు స్కూళ్లలో ఇలా పాఠం చెప్పి ఉద్యోగం రాక తిరిగొచ్చాను. ఈ మూడు మాటలకూ నిఘంటువులో ఇంచుమించు ఒకే అర్థం ఉంది. తేడా ఎలా చెప్పాలో తోచకుండానే పొద్దున ఏడింటికి గుంటూరులో బస్సెక్కాను. టిక్కెట్టు పది రూపాయల లోపే. చిలకలూరిపేట మీదుగా మూడు గంటల దారి. పాఠం పదకొండింటికి.

పేట దాటాక పత్తిచేలు అయిపోయి, రెండు పక్కలా ఎండబోసిన మిరపకాయలే కనిపించాయి. అక్కడే టైరు పంక్చరైంది. డ్రైవరు జాకీ తీస్తుంటే నేను దిగాను. పక్క కళ్లంలో ఆడవాళ్లు ఎర్రగా పోసిన కాయల్ని గబగబా చిమ్ముతూ ఏదో వెతుకుతున్నారు.

"ఏం పోయిందమ్మా?" అని అడిగాను.

"చర్చి తాళంచెవమ్మా," అంది యాభై ఏళ్లావిడ, ఏడుపు గొంతుతో. ఆవిడ పేరు రూతమ్మ, చర్చి ఊడ్చి తాళం వేసేది ఆవిడే. "పొద్దున్నే ఊడ్చి, తాళమేసి, ఇటు పనికొచ్చా. కొంగుముడిలో ఉండాల్సింది లేదు. పదింటికి పెళ్లి. మగపెళ్లివారు ట్రాక్టరెక్కేశారంట!"

"తాళం పగలగొడితే పోలా?" అంది పక్కావిడ.

"శుభమా అని పెళ్లవుతుంటే తాళం పగలగొట్టటమేందే? ఆ పిల్ల మొహం ఎట్టా చూడను?"

నేనూ కూర్చుని వెతికాను. కాసేపటికే చేతులు భగ్గున మండాయి. రూతమ్మ అంత బాధలోనూ తన క్యారేజీలోని మజ్జిగ నా చేతుల మీద పోసింది. "కళ్లకి పెట్టుకోమాకమ్మా," అని హెచ్చరించింది.

అంతలో రోడ్డు మీంచి కండక్టరు కేకేశాడు. "ఓ అమ్మా! ఈ తాళంచెవి మీదేనా?"

రూతమ్మ పరుగెత్తింది. "ఎట్టా వెతికావయ్యా? మేమింతమందిమి కళ్లమంతా తిరగేశాం!"

"నేనెక్కడ వెతికానమ్మా? చక్రానికి అడ్డం పెడదామని రాయి కోసం వెళ్లా. గడ్డిలో కంటపడింది, అంతే."

రూతమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఊరివైపు పరుగెత్తింది. మా బస్సు కదిలి మలుపు తిరిగేసరికి చర్చి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అప్పుడే ఆగిన ట్రాక్టరులోంచి పిల్లలు దూకుతున్నారు. నా గుండె తేలికైంది. "కంటపడింది" అన్న మాట మాత్రం అద్దంకి వరకూ నాతోనే వచ్చింది.

పదకొండుకు కాస్త ముందు స్కూలు చేరాను. రాసుకున్నవన్నీ పక్కన పెట్టి జరిగింది చెప్పాను. ఆడవాళ్లు వెతికారు, అది లుక్ ఫర్. కండక్టరుకు కంటపడింది, అది కమ్ అక్రాస్. వెనక బెంచీ కుర్రాడు లేచి, "గడ్డిలో అతని కాలికే తగిలుంటేనండీ?" అన్నాడు. నేను బోర్డు మీద స్టంబుల్ అపాన్ రాశాను. ముందు వరుసలోని అమ్మాయి చెయ్యెత్తి, "రూతమ్మకు మీరు తారసపడ్డారు కదండీ, రన్ ఇంటు అదేనా?" అంది. క్లాసంతా నవ్వింది. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న హెడ్‌మిస్ట్రెస్ గారు, "సోమవారం వచ్చెయ్యండి," అన్నారు.

ఆ స్కూల్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇంగ్లీషు మాట ఏది నేర్పాలన్నా, ముందు అది మన వీధిలో ఎవరికి జరిగిందో అడగడం అలవాటైంది. జవాబు చెప్పలేని పిల్లలు ఎప్పుడూ తగల్లేదు. మీరు ఆ దారిన వెళ్లాలనుకుంటే మిరప కోతలయ్యే ఫిబ్రవరి, మార్చి నెలలు బాగుంటాయి. ఒక్క సలహా: అవతల పని ఎన్నింటికున్నా, ఒక బస్సు ముందే బయల్దేరండి. దారిలో దిగడానికి వీలుంటుంది.