హాలు గోడకు అంటని రంగు

భద్రాచలంలో మేం కొన్న ఇంటి హాలు గోడలకు పాత యజమాని నున్నటి వినైల్ షీటు అంటించాడు. దానిమీద రంగు వేయడానికి నిన్న పర్ణశాల నుంచి పెయింటర్ ముత్తయ్య వచ్చాడు.

"సాండ్‌పేపర్‌తోని రుద్ది ప్రైమర్ కొట్టాలమ్మా. లేకుంటే రంగు నిలవది" అన్నాడు.

ఇవాళ మా ఆడపడుచు వాళ్లు వచ్చేది ఉందని, "అవన్నీ వద్దు, జల్దీ వేసెయ్" అన్నాను.

ఇవాళ మధ్యాహ్నం ఆడపడుచు గోడకు ఆనుకుని లేచేసరికి రంగు పొరలా ఊడి ఆమె వీపుకు అంటుకుంది. అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయి మా ఆయన ముత్తయ్యను పిలిపించి తిట్టాడు.

"అమ్మే గట్ల వెయ్యమన్నది సార్."

"నేనెప్పుడన్న? అబద్ధాలు గూడ నేర్చినవా?" అన్నాను.

అరవై ఏళ్ల మనిషి నా ముఖంలోకి ఒక్కసారి చూశాడు. "అవ్ సార్, నేనే మర్చిపోయిన" అని, గోడ దగ్గర కూర్చుని రంగును గోళ్లతో గీకడం మొదలుపెట్టాడు. చుట్టాలంతా టీ తాగుతూ చూశారు. ముత్తయ్యకు మాత్రం నేను టీ ఇవ్వలేదు. ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందనిపించింది.

మా ఆయన నా బ్లాగు చదవడు కాబట్టి నిజం ఇక్కడ రాస్తున్నాను. నన్ను ఏమనాలనిపిస్తే అది కింద కామెంట్లలో అనండి.