అమ్మ అళవు, ఆస్పత్రి మేజోళ్ళు

మా అమ్మ నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కింది, కురుచికుప్పంలో మా ఇంటి ముందు గదిలో. కుట్టేది రవికలే. చేపలమ్ముకునే పక్కింటి ఆడవాళ్ళ నుంచి, ఏంబలం నుంచి బస్సెక్కి వచ్చే రైతుల ఇళ్ళ ఆడవాళ్ళ దాకా అందరికీ కుట్టింది. పుస్తకాల్లో కొలత అని రాస్తాం గానీ, తమిళం కలిసిన మా ఇంటి తెలుగులో దాన్ని అళవు అంటాం. అమ్మ ఎవరి అళవూ కాగితం మీద రాసుకునేది కాదు. ఆమెకు తెలుగూ చదవడం రాదు, తమిళమూ రాదు. టేపు మీది అంకెలు వచ్చు, అళవు మనసులో ఉంటుంది.

అరవై రెండో ఏట కుడి మోకాలు మార్చాలన్నారు. ఎముక అరిగిపోయిందని డాక్టరు ఎక్స్‌రే చూపిస్తే, "తొక్కినాను కదా మరి" అన్నది, తననేదో మెచ్చుకున్నట్టు తలాడిస్తూ. ఆపరేషను బాగానే అయింది. మర్నాడు పొద్దున వార్డు సిస్టరు నన్ను పిలిచి, రెండు కాళ్ళకూ వేసే బిగుతు మేజోళ్ళు కొనుక్కురమ్మంది. మంచంలో కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డ కట్టవచ్చట. ఆ గడ్డ పైకి పాకి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పట. అందుకే పొట్టకు రోజూ ఇంజెక్షను, కాళ్ళకు ఈ మేజోళ్ళు.

మందుల షాపులో సైజు అడిగారు. నేను ఆఫీసులో పనిచేసే మనిషిని. అడిగినదానికి ఏదో ఒక జవాబు చెప్పేయడం నాకు అలవాటు. మీడియం అన్నాను. టైలరు కూతురిని, అళవు తీసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

మేజోళ్ళు మోకాలి కింద దాకా వచ్చాయి. వేళ్ళ దగ్గర ఒక బొక్క ఉంది. మెట్టెలు పెట్టుకోను వీలుగా వదిలారని అమ్మ ఖాయం చేసుకుంది. వేళ్ళ రంగు మారిందేమో చూసుకోవడానికని సిస్టరు నవ్వుతూ తమిళంలో చెప్పింది. అమ్మ సరేనని తలాడించి, సిస్టరు అటు పోగానే, ఆపరేషనుకు ముందు తీసిన మెట్టెలు నాచేత మళ్ళీ పెట్టించుకుంది.

మధ్యాహ్నానికి పిక్క దగ్గర పట్టేస్తోందని మూలగసాగింది. ఆమె కునుకు తీస్తుండగా నేను తెలివి ఉపయోగించి, ఎడమ కాలి మేజోడు అంచును రెండు మడతలు కిందికి మడిచాను. నిద్ర లేచి చూసి నా మీద ఇంతెత్తున లేచింది. మడవకూడదని సిస్టరు పొద్దునే చెప్పిందట, నా చెవికెక్కలేదు.

"ఎలాస్టికు మడిస్తే రెండింతలు బిగిస్తాది గానీ వదులైతాదా? నాకు పుట్టి ఇది గూడా తెలీదా నీకు?"

మడత విప్పితే పిక్క చుట్టూ ఎర్రగా గీత పడింది. అళవు లేకుండా ఎట్లా కొన్నావని అడిగింది. సాయంత్రం నాన్న చేత ఇంటి నుంచి టేపు, సుద్దముక్క తెప్పించింది.

ఆ టేపుకు మొదటి అంగుళం ఊడిపోయి ఏళ్ళయింది. అమ్మ ఒకటో అంకె దగ్గర పట్టుకుని, వచ్చినదాంట్లో ఒకటి తీసేసి చెబుతుంది. మూడో రోజు పొద్దున, ఒళ్ళు తుడవడానికి సిస్టరు మేజోళ్ళు విప్పినప్పుడు, ఒక్కో మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళు వదిలి సుద్దతో గీత గీయించింది. ఎడమ కాలు తనే కొలుచుకుంది. కుడి కాలికి కట్టు ఉంది కాబట్టి నాచేత మెల్లగా కొలిపించింది. కుడి పదమూడున్నర, ఎడమ పదమూడు. ఆపరేషను కాలు కదా, అర అంగుళం వాపు ఉంటుందిలే అని తనే అన్నది. ఆ అళవు సిస్టరుకు చెప్పి, ఇంకో జత తెప్పించి వేయించుకుంది.

నాలుగో రోజు, ఐదో రోజు కూడా అదే పని. వార్డులో మిగతావాళ్ళకు అదొక వేడుక. నాకు తల కొట్టేసినట్టుండేది. ఐదో రోజున టేపు చూసి అమ్మ మళ్ళీ కొలుచుకుంది. కుడి పదమూడున్నరే. ఎడమ పద్నాలుగుంపావు.

ఆపరేషనయ్యాక కాళ్ళు వాయవా అన్నాను.

"ఆపరేషను యా కాలికి చేసినారు? లావైంది యా కాలు?" అన్నది.

టేపు జారి ఉంటుందన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మేజోళ్ళు వేయడానికి సిస్టరు వస్తే, అమ్మకు కాస్త చాదస్తమని గొంతు తగ్గించి చెప్పాను. అమ్మకు వినబడింది. ఎడమ కాలు పక్కకు లాక్కుని, డాక్టరు వచ్చి చూసేదాకా ఆ కాలికి ఏదీ వేయనివ్వనని తెగేసి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది. కోపంగా లేదు. అదే నాకు కష్టమనిపించింది.

"నలభై ఏండ్లలో నా అళవు తప్పని ఒకరు గూడా అనలా. నువ్వు అంటా ఉండావా పాపా?"

లేచి డ్యూటీ డాక్టరు గది దాకా పరుగులాంటి నడక నడిచాను. నా చిన్నప్పుడు పండగ ముందు రోజు మా గదిలో రవికలు గుట్టగా పడి ఉండేవి. ఒక్కదాని మీదా పేరు ఉండేది కాదు. ఎవరిది ఎవరికి అందించాలో అమ్మ చేతికి తెలుసు. ఆ చెయ్యి పొరపాటు పడిందని నేనెట్లా అన్నానో నాకే అర్థం కాలేదు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. వచ్చి, అమ్మ చేతిలో టేపే తీసుకుని కొలిచి, పదిహేనుంపావు అన్నది. ఒకటి తీసేసుకోమని అమ్మ టేపు చివర చూపించింది. ఆ అమ్మాయి నవ్వింది. కుడి కాలూ కొలిచింది. సుద్ద గీతలు చూసింది. రోజూ ఇదే చోట కొలిచారా, నిన్న ఎంత, మొన్న ఎంత అని అడిగింది. అమ్మ అన్నీ తడుముకోకుండా చెప్పింది. ఎడమ పిక్కను వేళ్ళతో నెమ్మదిగా నొక్కితే అమ్మ పళ్ళు బిగించింది. డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. అప్పటికప్పుడు స్కానింగుకు రాసింది.

గడ్డ ఉంది. పిక్కలోనే, ఇంకా పైకి పాకలేదు. ఇంకో రెండు రోజులు ఎవరూ చూసుకోకపోయి ఉంటే ఏమయ్యేదో తను చెప్పలేనని ఆ అమ్మాయి అన్నది. నేను మడిచిన మడత వల్లనేనా అని అడిగాను. దేనివల్లని చెప్పలేం, మేజోళ్ళు సరిగా వేసుకున్నా ఒక్కోసారి కడుతుంది అన్నది. ఆ మాటతో నాకు పూర్తిగా ఊరట కలిగిందని చెబితే అబద్ధమే అవుతుంది.

మందు మార్చారు. ఆ కాలికి మేజోడు మళ్ళీ ఎప్పుడు వేయాలో తామే చెబుతామన్నారు. అమ్మ మాత్రం రోజూ కొలుచుకుంటూనే ఉంది. పద్నాలుగు, పదమూడుముప్పావు, పదమూడున్నర. మొదట్లో నవ్విన సిస్టరే వచ్చి గీత ఎక్కడ గీయాలో నేర్పించుకుంది. పక్క మంచం ఆవిడ తన కాళ్ళూ చూడమని బతిమాలింది. అమ్మ మంచంలోంచే చేతులు తిప్పుతూ, టేపు ఎంత బిగించాలో, ఎంత వదలాలో, మా ముందు గదిలో నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు చెప్పినట్టే చెప్పింది. నేను స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. అంత గర్వం నా ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చిన రోజున కూడా కలగలేదు.

పెద్ద డాక్టరు రౌండ్సుకు వచ్చి, దీన్ని ముందుగా కనిపెట్టింది ఎవరని అడిగాడు. అమ్మ నా వైపు చెయ్యి చూపించి, మా పాపే డాక్టరమ్మను పిలుచుకొచ్చింది అన్నది. అంతమందిలో నా పరువు నిలబెట్టాలని చూసింది. నేను లేచి నిలబడి, పిలవడం ఒక్కటే నేను చేసిన పని అని, ఆమె మాట ముందు నేనే నమ్మలేదని, తమిళంలో అందరికీ వినబడేట్టు చెప్పాను.

ఇంటికి పంపే రోజు డిశ్చార్జి కాగితం నా చేతికిచ్చారు. పేరు, వయసు, ఆ కింద వృత్తి. అక్కడ హౌస్‌వైఫ్ అని ఉంది. చేర్పించిన రోజు ఫారంలో అలా నింపింది నేనే. కాగితం వెనక్కి ఇచ్చి, ఇది తప్పు, టైలర్ అని మార్చాలన్నాను. కౌంటరులో ఆయన విసుక్కుంటూ పెన్ను తీశాడు.

ఏంది ఆలస్యం అని చక్రాల కుర్చీలోంచి అమ్మ అడిగింది. చెప్పాను. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"లేడీస్ టైలర్ అని రాయమను," అన్నది.