డిప్పర్ సేటు వ్రతం

తమ వెలుగు ఎంత దూరం పడుతుందా అని ఆరాటపడే మనుషులతో లోకం నిండి ఉంది. గౌలిపుర రామలింగానికి మాత్రం తన వెలుగు ఎంత కిందికి పడుతుందన్నదే జీవిత సమస్య. ఆయన జ్ఞానాన్ని గురించో కీర్తిని గురించో చింతిస్తున్నాడని ఎవరూ పొరబడనక్కర లేదు. ఆయన చింతించేది కారు హెడ్‌లైట్ల గురించి.

నయాపూల్ దగ్గర తాతలనాటి ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది ఆయనకు. పాత తెల్ల అంబాసిడర్ ఉంది. ఆ రెండింటి గురించీ ఎక్కడా గొప్ప చెప్పుకోడు. ఆయన గర్వమంతా ఆ కారు దీపాలను లో బీమ్ నుంచి ఎన్నడూ పైకి లేపలేదన్న ఒక్క విషయం మీదే. హై బీమ్ మీట ఆ కారులో అసలు ఉందో లేదో భార్య నాగమణమ్మకు ఈనాటికీ తెలియదు. లైటు కిందికి దించడాన్ని బండ్లవాళ్ళు డిప్పర్ అంటారు, అందుకే బజారంతా ఆయనను "డిప్పర్ సేటు" అంటుంది. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించాడు.

శనివారం సాయంత్రం తక్కిన ఇళ్ళలో దీపం దేవుడి ముందు వెలుగుతుంది. రామలింగం ఇంట అది నాగమణమ్మ ముందు వెలుగుతుంది. ఆమె గుమ్మం ముందు పీట వేసుకుని కూర్చోవాలి. ఆయన గల్లీ చివరి దాకా కారును వెనక్కి తీసి, దీపాలు వేసి, స్క్రూడ్రైవర్ పట్టుకుని దిగుతాడు.

"కంట్ల పడుతుందా?"

"పడ్తలేదు. లేవాల్నా?"

"ఆగు. నడుము వంచకు, సక్కగ కూసో. ఇప్పుడు?"

"ముక్కు మీద పడ్తుంది."

"అంటే ఇంక దించాలె."

దారిన పోయేవాళ్ళకు ఇది ఉచిత వినోదం. "ఏందక్కా, అన్న నీకు హారతి పడ్తుండా?" అని అడిగేవారు.

"హారతయితే ఒక్క నిమిషంల అయిపోతది తమ్మీ," అనేది ఆమె, కళ్ళు చికిలించుకుని. "గిది ఆపరేషన్."

మెకానిక్ జోయెల్‌కు ఈ లెక్క ఎన్నడూ మింగుడుపడలేదు. "సేట్, అందరి బండ్ల లెక్క పెడ్త అంటే ఇనవు. గింత కిందికి దించితే తొవ్వ ఏడ కనబడ్తది? చీమల బారు తప్ప ఇంకేం కనబడది."

"చీమలు కనబడ్డయంటే వాటి కింద తొవ్వ ఉన్నట్టే గద భాయ్. జర మెల్లగ పోత."

తర్కంగా చూస్తే దీనిలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆచరణలో మాత్రం ఆ కారును సైకిళ్ళు దాటిపోయేవి. ఒకసారి ఒక మేక కూడా దాటిపోయింది. వెళ్తూ వెళ్తూ అది వెనుదిరిగి జాలిగా చూసిందని నాగమణమ్మ ఇప్పటికీ చెబుతుంది.

దసరా వస్తే ఇంకొక లొల్లి. ఆయుధపూజనాడు గల్లీలోని ప్రతి బండికీ హెడ్‌లైటు అద్దం మీద పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, దాని మీదికి బంతిపూల దండ వేలాడదీస్తారు. రామలింగం తన కారు బొట్టును బంపర్‌కు పెట్టి, తడిగుడ్డ భుజాన వేసుకుని బయలుదేరేవాడు. పసుపు పూసిన అద్దం వెలుగును ఎదుటివాళ్ళ కళ్ళలోకి చెదరగొడుతుందని, పక్కింటివాళ్ళ భక్తిని తుడవడానికి.

"సేట్, పండుగనాడు బొట్టు తుడుస్తరా ఎవరన్న?"

"అమ్మవారికి బొట్టు యాడ పెడ్తం? నొసట పెడ్తమా, కంట్ల పెడ్తమా?"

ఈ తర్కానికి గల్లీలోని పెద్దలందరూ తలలూపారు. అలాగని తుడవనిచ్చినవాళ్ళూ లేరు.

ఇవన్నీ నాగమణమ్మ ఓర్చుకున్నది. ఓర్చుకోలేనిది ఒకటే. ఆమెకు పెళ్ళిళ్ళంటే ప్రాణం, కానీ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్క పెళ్ళినీ కళ్ళారా చూడలేదు. దీపాలు పెట్టే వేళకు బయలుదేరితే చాలు, ఎదురుగా హై బీమ్‌తో ఎవడో ఒకడు వచ్చేవాడు. రామలింగం కారు ఆపి, అద్దం దించి, చెయ్యి బయటికి చాపి "భాయ్, డిప్పర్!" అనేవాడు. వాడు విననట్టు పోతే అది ఆ పూట అదృష్టం. "క్యా హువా సేట్?" అని ఆగాడో, పాఠం మొదలయ్యేది. ఆమె మండపం చేరేసరికి వధూవరులు అలిసిపోయి, వంటవాళ్ళు గిన్నెలు కడుగుతూ ఉండేవారు. పెళ్ళిళ్ళు ఆమెకు పెరుగన్నం రుచిగానే తెలుసు.

ఈసారి అలా కుదరదు. పెళ్ళి చెల్లెలి కూతురు స్రవ్యది. పుట్టింటి పుస్తెను పెద్దమ్మ తన ఇంట పూజలో పెట్టి, తన చేతులతో మండపానికి తేవడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. పుస్తె నాగమణమ్మ కొంగుముడిలో ఉంది. ముహూర్తం చీకటి పడ్డ గంటకు. మండపం సైదాబాదులో. ఆమె ఆలస్యమైతే ఈసారి పోయేది పప్పూ పులుసూ కాదు, పెళ్ళి.

"ఇగో, ఇయ్యాల తొవ్వల ఎవ్వనికన్న పాఠం చెప్పిన్రో, నేను దిగి ఆటో ఎక్కిపోత."

"చెప్ప."

"ఒక్క మాట గిట్ల అన్నా సరే."

"ఒక్క మాట అన. సరేనా?"

రామలింగం మాట తప్పే మనిషి కాడు. తరువాత జరిగిన ఉపద్రవానికి మూలం ఆ సుగుణమే.

మాదన్నపేట కూరగాయల మార్కెట్టు దగ్గర దారి సన్నబడుతుంది. వీధిదీపం లేని ఆ చోటునే ఎదురుగా ఒక పెద్ద బండి వచ్చింది. దాని హై బీమ్ చాలదన్నట్టు నెత్తిన మరో నాలుగు దీపాలు. రామలింగం కారు ఆపాడు. ఇంజను ఆపాడు. దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయింది?" అన్నది నాగమణమ్మ.

"నేనేమన్ననా? ఒక్క మాట అనలే."

వెనుక ఆటోలు చేరి హారన్లు మొదలుపెట్టాయి. ఎదుటి బండిలోని కుర్రవాడు తల బయటపెట్టి అరిచాడు. "అంకుల్, ఎనుకకు తీస్కో!"

రామలింగం మౌనంగా వేలు కిందికి చూపించాడు. కుర్రవాడు వంగి రోడ్డు మీద చూశాడు.

"ఏంది? ఏమన్న పడ్డదా?"

ఆయన మళ్ళీ వేలు చూపించాడు. కుర్రవాడు మళ్ళీ వెదికాడు. మాట అనేది ఎందుకు పుట్టిందో మానవజాతికి తెలియాలంటే ఆ క్షణాన అక్కడ ఉండవలసింది.

"మీకో దండం!" అని నాగమణమ్మ తలుపు తోసుకుని దిగింది. ఆ బండిని దాటితే అవతల ఆటో దొరుకుతుంది. కొంగుముడి గుప్పిట పట్టుకుని వెలుగులోకి నడిచింది. నాలుగడుగులు పడ్డాయో లేదో, ముందర ఏమీ లేకుండా పోయింది. దారి లేదు, గోడ లేదు. అంతా తెల్లగా ఉంది. కాలు దేనికో తగిలింది. ఒక చెయ్యి కింది నుంచి ఆమె చెయ్యి పట్టి లాగింది.

"ఆగు తల్లీ, మనుషులం ఉన్నం గీడ! జరసేపు కూసో, కండ్లు కుదురుతయి."

ఆమె గోనెపట్టా మీద కూలబడింది. కళ్ళు నెమ్మదించాక చుట్టూ చూసింది. దారి అంచున కూరగాయలమ్మే ఆడవాళ్ళు వరుసగా కూర్చున్నారు, కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకుని. ఆ పెద్ద బండి వెలుగు సరిగ్గా వాళ్ళ ముఖాల మీద ఉంది. ఇటువైపు తిరిగి తమ అంబాసిడర్‌ను చూసింది. దాని వెలుగు నేల మీదుగా వచ్చి, వాళ్ళ ఒళ్ళోని మెంతికూర కట్టల దాకా పాకి, అక్కడే ఆగింది.

నేల మీద కూర్చున్న మనిషి కన్ను ఎంత ఎత్తున ఉంటుందో శనివారాలు పీట మీద కూర్చునే ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

"డిప్పర్ సేటు ఇంటామెవా?" అన్నది చెయ్యి పట్టుకున్న ముసలామె. ఆమె పేరు చంద్రమ్మ.

"ఆయన నీకెట్ల ఎరుక?"

"ఎరుకేంది! పోయిన వానకాలం గిట్లనే ఎవడో కండ్లల్లకు లైటు కొట్టుకుంట మా సంచుల మీదికెల్లి పోయిండు. నా కాలు జరంతల తప్పింది. అప్పటి సంది పొద్దుమూకంగ దుకాణంకెల్లి ఇటే వస్తడు. మేం మూటలు సదురుకునేదాంక ఆడ బండి ఆపి, లైటు కింద పెడ్తడు. ఇంకో బండోడు జోరుగ రానీకి జాగ ఉండది."

"ఏమన్న మాట్లాడ్తడా?"

"ఏం మాట్లాడడు. 'అమ్మా, కంట్ల పడుతుందా?' అంటడు. గంతే."

నాగమణమ్మ కొంగుముడి సర్దుకుంది. ఆపైన లేచింది. ఆటో వైపు పోలేదు. పెద్ద బండి దగ్గరికి పోయి తలుపు మీద తట్టింది.

"బిడ్డా, దిగు."

"ఆంటీ, మీ అంకులే అడ్డం పెట్టిండు..."

"నా కొంగుల పుస్తె ఉన్నది. ఆడ పిల్ల పీటల మీద కూసున్నది. నాకు లొల్లి పెట్టుకునే తీరిక లేదు. దిగి గీడ ఒక్కపారి కూసో."

కుర్రవాడు ఏమనుకున్నాడో, దిగి చంద్రమ్మ పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాడు. కూర్చోగానే చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"నడుము వంచకు. సక్కగ కూసో. కంట్ల పడుతుందా?"

"అబ్బ! మస్తు కొడ్తుంది ఆంటీ."

"గట్లనా. మరి దించు."

కుర్రవాడు బండెక్కాడు. నెత్తిమీది దీపాలు ఆరాయి, ముందువి దిగాయి. బండి వెనక్కి పోయింది. నాగమణమ్మ తిరిగి కారెక్కింది, రామలింగం ఇంజను ఆన్ చేశాడు. దారిలో ఆమె అడిగింది. "నాకెందుకు చెప్పలే?"

"ఒక్క మాట అనొద్దన్నవు గద."

"అనొద్దని ఇయ్యాల అన్న. పోయిన వానకాలం అనలే."

దీనికి సమాధానంగా ఆయన పెళ్ళిమండపం దాకా జీవితంలో ఎన్నడూ లేనంత వేగంగా, అంటే సైకిళ్ళతో సమానంగా, నడిపాడు.

పుస్తె పురోహితుడి పళ్ళెంలో పడేసరికి జీలకర్ర బెల్లం పెట్టించారు. అడ్డుతెర తొలగించబోతున్నారు. కాపురానికి వచ్చాక మొదటిసారిగా నాగమణమ్మ మండపం ముందు నిలబడి చూసింది. తెర తొలగింది. వీడియో తీసేవాడు దీపాన్ని సూటిగా పెళ్ళికూతురి ముఖానికి పట్టాడు. స్రవ్య కళ్ళు మూసుకుంది.

"బాబూ, ఆ లైటు జర కిందికి దించు," అన్నది నాగమణమ్మ.

అతడు దించాడు. స్రవ్య మెల్లగా కళ్ళు తెరిచి ఎదుట ఉన్న మనిషిని చూసింది. నెత్తిన జీలకర్ర బెల్లంతో, చెమటలు కక్కుతూ, నవ్వుదామా వద్దా అని తేల్చుకోలేక కూర్చున్నాడు అతడు. ఒక మనిషిని మరొక మనిషి పూర్తిగా చూడడం ఒక జన్మలో సాధ్యమా అన్నది పెద్దలు ఇంకా తేల్చని ప్రశ్న. ఆ పూటకు మాత్రం మధ్యలో అడ్డమేమీ లేదు. ఆమె నవ్వింది. అది చూసి అతడు కూడా తేల్చుకున్నాడు.