మిరపకాయల వీధిలో రెంగత్త

ఇవాళ పొద్దున పక్కింటివాళ్లు మేడమీద ఎండుమిరపకాయలు ఆరబోశారు. ఆ ఘాటు కిటికీలోంచి లోపలికి రాగానే వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. రెంగత్త గుర్తొచ్చింది.

పందొమ్మిది వందల ముప్పైలలో నేను తమిళనాట విరుదునగర్ ఆడపిల్లల బడిలో కొత్త టీచర్ని. రెంగత్త మా వీధిలోనే ఉండేది. కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి సేద్యం చేస్తూ, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, కాపురానికి ఇక్కడికొచ్చిన మనిషి. వీధి బావిలో పూడిక పేరుకున్నా, మురుగు పొంగినా మునిసిపల్ ఆఫీసు మెట్లమీద కూర్చుని, పని మొదలయ్యేదాకా లేచేది కాదు. ఆ పోరు పడలేకనేమో, చివరికి ఆమెనే కౌన్సిల్లో సభ్యురాలిగా నియమించారు.

బడి ముందు వీధంతా మిరపకాయల వ్యాపారులదే. బస్తాలు దించడం, ఆరబోయడం, తొడిమలు తీయడం అన్నీ అక్కడే. పాఠం మధ్యలో ఒక పిల్ల తుమ్మితే తరగతంతా అందుకునేది. కళ్లు మండి పిల్లలు మానేయసాగారు. హాజరు ఇలాగే తగ్గితే బడి మూసేస్తామని పైవాళ్లు హెచ్చరించారు. నేను కళ్లు తుడుచుకుంటూ రెంగత్త దగ్గరికి పరిగెత్తాను.

"ఏంటికే ఏడుస్తావు? మిరపకాయి గాటా, మనసులో బాదా?" అని నవ్వింది. "కాయితం రాసియ్యి పాపా. వచ్చే కూటం మీ బళ్లోనే పెట్టిద్దాం."

అన్నట్టే సభ మా బడిలోనే పెట్టించింది. చైర్మన్ గారు గంభీరంగా లేచి "ఈ సభ..." అని తుమ్మారు. మళ్లీ "ఈ సభ..." అనగానే ఇంకో తుమ్ము. సభ్యులంతా కండువాల్లో ముఖాలు దాచుకున్నారు. "పిల్లలు రోజూ ఇలాగే చదువుతున్నారయ్యా" అంది రెంగత్త తమిళంలో, తానొక్కతే తుమ్మకుండా. తర్వాత నా చెవిలో, "ముక్కులో ఆముదం రాసుకుని వచ్చినానే" అంది. మిరపకాయలను రైలుకట్ట అవతలి మైదానానికి తరలించడానికి అందరూ అక్కడే ఒప్పుకున్నారు.

నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. రెంగత్త మాత్రం కిటికీ దగ్గర నిలబడిపోయింది. బయట తొడిమలు తీసే ఆడవాళ్లు పని ఆపి మావైపే చూస్తున్నారు. ఆమె వెళ్లి వాళ్ల మధ్య నేలమీద కూర్చుంది. "అక్కడ నీడ లేదు, నీళ్లు లేవు. చంటిబిడ్డల్ని ఎక్కడ పడుకోబెట్టేది?" అని ఒకామె అడిగింది.

నాకు భయమేసింది. "అత్తా, ఇప్పుడు మాట మారిస్తే బడి పోతుంది" అన్నాను తెలుగులో.

"మాట మార్చను పాపా. కానీ తప్పు నాదే. పొయ్యేవాళ్లని అడక్కుండానే పొమ్మన్నా."

ముందు అక్కడ పందిరి, బావి కావాలని ఆమె మళ్లీ కౌన్సిల్లో పట్టుబట్టింది. వ్యాపారులు గొణిగారు, సభ్యులు విసుక్కున్నారు, చివరికి రెండూ అయ్యాయి. అంతవరకూ బడిని తన ఇంటి పంచలోకి మార్చింది. రెండు నెలలు ఆమె గేదె పక్కన ఎక్కాలు చెప్పాను. అల్లరి లేకుండా విన్నది అదొక్కటే. మిరపకాయలు తరలి, మేం తిరిగి బడికి వెళ్లిన రోజున, చంటిబిడ్డల సంగతి అడిగిన ఆ తల్లే తన పెద్దకూతుర్ని చేయి పట్టుకుని తెచ్చి చేర్పించింది.

తర్వాత నేనూ చాలా కమిటీల్లో కూర్చున్నాను. తీర్మానం సంతకానికి రాగానే కలం పక్కన పెట్టి లేస్తాను. ఆ నిర్ణయం ఎవరి నెత్తిన పడబోతుందో వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, పక్కన కూర్చుని అడుగుతాను. "టీచరమ్మ మళ్లీ బయటికి పోయింది" అని లోపల విసుక్కుంటారు. విసుక్కోనీ.