వాలుగకి మూరెడు దారం

ఏలూరులో మా వలల కొట్టుకి వచ్చేవాళ్ళు రెండు రకాలు. చేపల చెరువుల వాళ్ళు ఫోన్ చేసి, వలలు మోపులకి మోపులు ఆటోలో వేయించుకుపోతారు. వాళ్ళలో సగం మంది మొహాలు కూడా నేను చూడలేదు. రెండో రకంలో ఇప్పుడు ఒక్కడే మిగిలాడు, కొల్లేటికోట జగ్గారావు. రెండు బస్సులు మారి వస్తాడు, బల్ల మీద చతికిలబడతాడు, మూరెడు నైలాన్ దారం కోసం గంటసేపు నాతో పోట్లాడతాడు. ఇద్దరిలో ఎవరంటే ఇష్టమని నన్నెవరూ అడగలేదు. అడిగితే మాత్రం తడుముకోను.

జగ్గారావుకి అరవై దాటాయి. ఊరి చుట్టూ చేపల చెరువులే అయినా చెరువు చేప ముట్టడు. దాణా వాసనంటాడు. కొల్లేట్లో వాలుగలు పడతాడు. ఆ పట్టే పద్ధతి చూడాలి. టీ చెంచా పిడి కోసేసి, మిగిలిన గుంటకి రెండు చివరలా బెజ్జాలు వేసి, ఒక బెజ్జానికి గాలం, రెండోదానికి దారం తగిలిస్తాడు. దోనెలో కూర్చుని నెమ్మదిగా తెడ్డు వేసుకుంటూ పోతుంటే వెనకాల ముప్ఫై గజాల దూరంలో ఆ చెంచా బెదిరిన చిరుచేపలా తళుక్కుమంటూ వస్తుంది. దారం కాలివేళ్ళ మధ్య పట్టుకుంటాడు కాబట్టి వాలుగ కొట్టిన సంగతి ముందు కాలికి తెలుస్తుంది. వాలుగ నోరు అచ్చం ఆకురాయి. అందుకే చెంచాకి ముందు మూరెడు దారం మాత్రం లావుపాటిది విడిగా కడతారు. దాన్ని కొసదారం అంటాడు. నేను చెప్పబోయే గొడవంతా ఆ కొసదారం గురించే.

మొన్న కార్తీకంలో ఒక బుధవారం వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోనే మొదలయ్యే పోట్లాట ఆరోజు మొదలవలేదు.

"షావుకారు గారూ, నాలుగు చేపలు తెంపుకుపోయాయండి" అన్నాడు. "మీ దారంలో పస లేదు."

"ముప్ఫై అయిదేళ్ళుగా ఉన్న పస ఇప్పుడెక్కడికి పోయిందయ్యా?" అన్నాను, ఒళ్ళు మండి.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. వానాకాలంలో ఒకరోజు అతని దోనె గుర్రపుడెక్కలో ఇరుక్కుపోయిందట. ఫోన్ తడిసిపోయింది. భార్య దుర్గమ్మ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఒడ్డునే నిలబడిందట. ఆరోజు నుంచి ఇంట్లో ఒకటే పాట, ఇక దోనె ఎక్కొద్దని. కొడుకు ప్రసాద్ మండవల్లి దగ్గర ఒక పెద్ద చేపల చెరువు మీద సూపర్‌వైజర్. తండ్రికి అక్కడే కాపలా పని మాట్లాడిపెట్టాడు. షెడ్డు, కుర్చీ, ఫ్యాను. దానికి తోడు మూడు వారాలుగా జగ్గారావు ఒట్టి చేతులతో ఇంటికి వస్తున్నాడు. దుర్గమ్మ తేల్చి చెప్పేసింది: ఆదివారంలోగా ఒక్క వాలుగ తెస్తే మళ్ళీ ఆ ఊసెత్తదు, తేకపోతే సోమవారం కాపలాకి వెళ్ళాలి.

"గట్టు మీద కుర్చీలో కూర్చుని ఊరివాళ్ళ చేపల్ని చూస్తా ఉండాలంటండి" అన్నాడు. 

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు ఫోన్లో వీడియోలు చూసి ఫ్లోరోకార్బన్ దారం చుట్టలు పది తెప్పించాను. సముద్రంలో పడవ వెనక గాలం లాగేవాళ్ళు వాడే రకం. నీళ్ళలో కనపడదు, పంటికి ఒక పట్టాన తెగదు. ఏలూరులో దాన్ని అడిగిన నాథుడు లేడు. ఇన్నాళ్ళకి దానికో మనిషి దొరికాడని నాకు హుషారొచ్చింది. గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి రెండు దారాలూ ముంచాను. నైలాన్ దారం తెల్లగా మెరుస్తూ కనపడింది. రెండోది గ్లాసులో ఉందో లేదో తెలియలేదు.

జగ్గారావు గ్లాసు పైకెత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత మాయ దారం ఉంచుకుని ఇన్నాళ్ళు నాకు నైలాను అంటగట్టారా?" అన్నాడు. పోట్లాట మొదలైనందుకు ఇద్దరికీ ప్రాణం లేచివచ్చింది.

ఆరోజు ఆ కొత్త దారమే మూరెడు కోయించుకుపోయాడు. శుక్రవారం మళ్ళీ వచ్చాడు. గ్రహచారం, అయిదో చేప కూడా పోయింది. జేబులోంచి దారం ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. కొస పంది తోకలా మెలి తిరిగి ఉంది. పంటికి తెగిన దారం అలా ఉండదు. అది ముడి జారిన గుర్తు.

"నా ఎదురుగా కట్టు, చూస్తాను" అన్నాను.

"ఇక్కడ వెలుతురు లేదండి" అంటూ నాకు వీపు తిప్పి, గుమ్మంలోకి వెళ్ళి కట్టాడు. చాలాసేపు పట్టింది. దారం పళ్ళతో పట్టుకుని లాగాడు. ఆ తరవాత బీడీ వెలిగించి నిప్పు ముడి కొసకి ఆనించాడు.

"ఏం చేస్తున్నావయ్యా!" అని గావుకేక పెట్టాను.

కొల్లేట్లో అందరూ చేసే పనే అది. నైలాన్ కొసని బీడీతో కాలిస్తే చిన్న గుండులా కరుగుతుంది. ఇక ముడి జారదు. కానీ ఈ కొత్త దారం బిరుసు. తడి చేసి నెమ్మదిగా బిగించాలి, పొడిగా లాగితే ఆ రాపిడికే దెబ్బతింటుంది. దాని మీద బీడీ కూడా పెడితే ఇక చెప్పేదేముంది? అదంతా వల్లించి, చివాట్లు పెట్టి, ఉమ్ముతో తడుపు, బీడీ జేబులో పెట్టు అని పంపించాను. బుద్ధిగా తలూపి వెళ్ళిపోయాడు. ఎదురు చెప్పకుండా వెళ్ళిన జగ్గారావుని చూడటం అదే మొదలు. బస్సు వెళ్ళిపోయాక గానీ నాకు తట్టలేదు, చేతులుండగా మనిషి పళ్ళతో ఎందుకు లాగాడని.

ఆదివారం కొట్టు తియ్యలేదు. తెల్లవారి మొదటి బస్సుకే కొల్లేటికోట వెళ్ళాను, రెండు రకాల దారం చుట్టలూ సంచిలో వేసుకుని. జగ్గారావు రేవులో దోనెలోంచి నీళ్ళు తోడుతున్నాడు. దుర్గమ్మ గట్టు మీద కూర్చుని వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి, ఇంట్లోంచి టీ తెచ్చి ఇచ్చింది.

"ఏంటన్నయ్య గారూ, పందెం చూడ్డానికి వచ్చారా?" అంది.

నేను ఊరుకోవచ్చుగా. టీ తాగి, ఆ గాజు గ్లాసు కడిగి, మంచినీళ్ళు అడిగి నా గారడీ ఆమెకీ చూపించాను. దుర్గమ్మ శ్రద్ధగా చూసింది. తరవాత ఆ నీళ్ళు పారబోసి, వంగి, అదే గ్లాసుతో కొల్లేటి నీళ్ళు ముంచింది. టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. రెండు దారాలూ అందులో వేసింది. రెండూ కనపడలేదు.

"ఈ నీళ్ళలో ఏది కనపడుద్దండి?" అంది నవ్వుతూ. "వాలుగ చూసి కొట్టదండి, మీసాలతో తడుముద్ది. మీ దారం చూడబోతే బరువు, మునిగిపోద్ది. ఇక్కడ నడుం లోతే కదా, చెంచా వెళ్ళి నాచులో కూర్చుంటాది. నైలాను అయితే నీళ్ళని అంటుకుని పైపైన వస్తాది. చేప గుంజినా కాస్త సాగుద్ది."

ముప్ఫై అయిదేళ్ళ వ్యాపారం, ఒక్క గ్లాసు నీళ్ళు. తలెత్తుకోలేకపోయాను.

ఆమె అక్కడితో ఆగలేదు. దోనెలో పడి ఉన్న పాత నైలాన్ కొసదారం తీసి, బొటనవేలి గోరు దాని వెంబడి జరిపింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఏవండీ, ఇది కట్టి ఎన్ని రోజులైంది?"

జగ్గారావు నీళ్ళు తోడుతూనే ఉన్నాడు.

"ఒళ్ళంతా గరుకే. చేప కొట్టిన ప్రతిసారీ కోసి కొత్తది కట్టాలని పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పింది మీరు కాదా?"

 ఆమె నీళ్ళలోకి దిగి అతని కుడిచేయి పట్టుకుంది. వేళ్ళు మడవబోయింది. సగం దాకా మడతపడి ఆగిపోయాయి. అతను పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. నిరుడు ఇద్దరికీ చికెన్‌గున్యా వచ్చిన సంగతి నాకు తెలుసు. ఆమె కోలుకుంది. అతని వేళ్ళు కోలుకోలేదు. చలి మొదలయ్యేసరికి ముడి కట్టడం నరకమై, తెగినచోటే మళ్ళీ ముడేస్తూ అదే కొసదారంతో వారాలు నెట్టుకొచ్చి, నెపం నా దారం మీద వేశాడన్నమాట.

"నాకెందుకు చెప్పలేదు?" అంది దుర్గమ్మ.

"చెబితే ఒడ్డున కూర్చోబెడతావని" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

 గుమ్మంలో వీపు తిప్పుకుని నిలబడిన మనిషి కళ్ళ ముందు మెదిలాడు. ఆ మనిషినా నేను బీడీ గురించి చివాట్లు పెట్టింది?

 దుర్గమ్మ నా సంచిలోంచి నైలాన్ చుట్ట తీసి, మూరెడు కొలిచి కోసింది. వలలు అల్లిన వేళ్ళు కదా, నేను కళ్ళజోడు సర్దుకునేలోపు చెంచాకి ముడి పడిపోయింది. నోటితో తడిపి బిగించి, దారం కొస మొగుడి వైపు పట్టుకుంది. అతను బీడీ వెలిగించి, జాగ్రత్తగా నిప్పు ఆనించాడు. చిన్న గుండు కట్టింది.

తరవాత ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపి దోనె ఎక్కింది.

"నువ్వెక్కడికి?" అన్నాడు జగ్గారావు.

"చేప కొట్టాక మళ్ళీ కట్టేదెవరు? ఎక్కండి."

నేను గట్టు మీద ఎండలో కూర్చుని ఎదురుచూశాను. దోనె రెల్లు దాటి కనుమరుగైంది. పదకొండు దాటాక తిరిగి వచ్చింది. ముందు దుర్గమ్మ చీర కనపడింది, పైనించి కింద దాకా తడిసి ఉంది. దోనె అడుగున జబ్బ పొడుగు వాలుగ మీసాలు ఆడిస్తోంది. నేను అరిచిన అరుపుకి రేవులో కొంగలు లేచిపోయాయి.

జగ్గారావు మొహంలో మాత్రం సంతోషం లేదు. దోనె కట్టేసి, భార్య ఎదురుగా నిలబడ్డాడు.

"మొదటిది దారం గరుకుచేసి తప్పించుకుపోయింది. నువ్వు కోసి మళ్ళీ కట్టావు కాబట్టి రెండోది వచ్చింది. ముడి నీది, దుర్గా. పందెం నేను గెలవలేదు. మాటంటే మాటే. రేపు మండవల్లి వెళ్తాను" అన్నాడు.

ఆమె జవాబు చెప్పేలోపు గట్టు మీద పెట్టిన ఫోన్ మోగింది. ప్రసాద్. దుర్గమ్మ తడిచేయి తుడుచుకుని, స్పీకర్ నొక్కింది.

"అమ్మా, రేపు నాన్నని పంపుతున్నావా? ఇక్కడ కుర్చీ వేయించాను."

"కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వు నాన్నా" అంది ఆమె. "మీ నాన్న దోనెలో నేను పనికి కుదిరాను."