బాపు సీటు మార్చిన రోజు

అప్పట్లో మెడకు స్కార్ఫు చుట్టుకున్నానంటే నా కాళ్లు నేలమీద నిలిచేవి కావు. వడోద్‌లో, గుజరాతీల మధ్య, నేతపనికి వలసొచ్చిన మా తెలుగువాళ్ల గల్లీ మొత్తానికి విమానంలో ఉద్యోగం చేసే పిల్లను నేనొక్కదాన్నే. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానాలో మా బాపు అందరికీ, ఇమానం మొత్తం నా బిడ్డ చేతులనే ఉంటదని చెప్పుకునేవాడు. (నేను కాదనలేదు. అనాల్సింది.) అసలు సంగతేమిటంటే, మా శిక్షణ పూర్తయ్యేసరికి కంపెనీవాళ్లు విమానాలతోపాటు సిబ్బందినీ పరాయి దేశం నుంచే కిరాయికి తెచ్చుకున్నారు. నాతో నేర్చుకున్నవాళ్లంతా ఇంట్లో కూర్చున్నారు. నన్ను మాత్రం హిందీలో, గుజరాతీలో ప్రకటనలు చదవడానికి ఉంచారు. తలుపుల జోలికీ, భద్రత జోలికీ పోతే ఉద్యోగం ఉండదన్నారు.

అలాంటి రోజుల్లో బాపు హైదరాబాదు పోతూ మా విమానమే ఎక్కి, సరిగ్గా అత్యవసర ద్వారం పక్కన కూర్చున్నాడు. సిబ్బందికి పెద్దయిన విదేశీ ఆమె వచ్చి, ఆపదొస్తే ఈ తలుపు తెరవాలి, అర్థమైందా అని ఇంగ్లీషులో అడిగింది. బాపు నిండుగా తల ఊపాడు. సాంచాల మోతలో ఎవరి మాటా వినబడదు. శేఠ్ పెదవులు కదిలితే తల ఊపడమే అక్కడి మర్యాద. ఆమె సంతోషించి ముందుకు పోయింది. నోరు మూసుకుంటే, నిజంగా ఆపదొచ్చినా బాపు తల ఊపుతూనే కూర్చుంటాడు. నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది, అంతకంటే ముందు నా గొప్ప పోతుంది.

చివరికి ఆమె వెనకే వెళ్లి, ఆయన మా నాన్న, ఇంగ్లీషు రాదు, వేరే సీటివ్వండని బతిమాలాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. బాపు అక్కడినుంచే (సాంచాలవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు) అడిగాడు: "ఏంది బిడ్డా, ఇమానం నీ చేతులనే ఉండె గదా, గామెనెందుకు బతిలాడుతున్నవ్?"

హైదరాబాదు విమానం కదా, సగంమందికి తెలుగు వచ్చు. ఆ నవ్వులకు సిగ్గుతో చచ్చిపోయాను. బాపును వెనక సీటుకు మార్చారు గానీ, ఆ రోజు ప్రకటన నేను తెర చాటున నిలబడి చదివాను.

హద్దు దాటానని ఆ మరుసటి నెలే నన్ను తీసేశారు. పోయేముందు ప్రకటనలన్నీ నా గొంతుతోనే రికార్డు చేయించుకున్నారు. ఇప్పుడు అమ్రోలిలో ఒక ట్రావెల్స్ దుకాణంలో టికెట్లు బుక్ చేస్తున్నాను. బాపు మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ, "ఇమానంల నన్ను లేపి ఎనక కూసోబెట్టింది నా బిడ్డనే" అని చెబుతాడు. ఇప్పటికీ తల దించుకుంటాను. కానీ ఆ స్కార్ఫు పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, ఆ ఉద్యోగంలో అది చేసిన అసలు పని ఆ సీటు మార్పించడమొక్కటే. నా గొంతు ఇంకా ఆ విమానాల్లో తిరుగుతూనే ఉంది. ఎవరు ఊరికే తల ఊపుతున్నారో దానికి కనబడదు.